మొదలు తప్పిన నంబరు

కుర్చీ వేయించకపోతే పోనీలే తిమ్మయ్యా. ఈ బండ మీదనే కూర్చుంటా. పాలిష్ పట్టని బండ, జారదు. నీ మేస్త్రీని రొంతసేపు ఆ సుత్తి ఆపమను. ఆపడంటావా? సరే, కొట్టనీ. టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఐదేండ్లు పనిచేసినదాన్ని. ఎంత గోలలోనైనా నా మాట నేను చెప్పుకోగలను.

ఏం గోడప్పా ఇది. ఫ్యాక్టరీ నడుమ ఫ్యాక్టరీకే గోడ. బండలు కోసే మిషను నీ వైపు, పాలిష్ మిషను భూపేష్ వైపు. ఇంక మీద కోసిన బండ పాలిష్‌కు పోవాలంటే గోడ ఎక్కి దుంకాలేమో. పోయిన నెల దాకా ట్రాలీ తిరిగిన దోవ ఇది. ఇప్పటికి రెండు వరసలు లేచినాయి. సాయంత్రానికి దోవ మూసుకుపోతాదని మీ అక్క సిద్దమ్మ చెప్పింది. కొడుకు ఆ పక్క, తమ్ముడు ఈ పక్క అయితే ఆమె యాడ కూర్చోవాల? గోడ మీదనా, కాకులకు తోడుగా?

నవ్వద్దులే. నవ్వించే దానికి రాలేదు.

నీ నోట్లో ఉండే మాట నాకు తెలుసు. "నువ్వే కదా అక్కా చెప్పింది" అంటావు. అవును, నేనే. ఇరవై రోజులైంది. మా అంగట్లో నువ్వు కుర్చీలో కూర్చుని ఉంటే, కాఫీ లోటా చేతికిచ్చి మరీ చెప్పినా. నీ అక్క కొడుకు భూపేష్ కారు ఈ నెలలో మూడు సార్లు, మిట్టమధ్యాహ్నం పూట, ప్రవీణ్ ఫ్యాక్టరీ లోపలికి పోయిందని. ప్రవీణ్ ఎవరు? మీ ఇద్దరి ఫ్యాక్టరీలో సగం తనకు వస్తే బాగుంటుందని రెండేండ్లుగా కాసుకొని ఉండేవాడు. ఇంకేం విడమరిచి చెప్పాల? నువ్వు లోటా కింద పెట్టి లేచిపోయినావు.

ఏమంటివి? కండ్లతో చూసినానని చెప్పినానా?

లేదప్పా. చూసినానని అనలేదు. "పోయింది" అన్నా. ఆ రెండు మాటల నడుమ శానా దూరం ఉండాది. ఆ దూరం చెప్పేదానికే ఈ ఎండలో వచ్చినా.

నేను చూడటం యాడ కుదురుతాది? మా అంగడి పైన మిద్దె కిటికీ ఎదురుగానే ప్రవీణ్ ఫ్యాక్టరీ. పదేండ్లు ఆ కిటికీలోంచి ఎవరు వచ్చేది, ఎవరు పోయేది హాయిగా చూసుకుంటాంటి. ఎవరికీ ఏ నష్టం లేదు. ఉగాదికి ముందర ఆ మహానుభావుడు తొమ్మిదడుగుల నాపరాళ్ళు నిలబెట్టి, పెద్ద ఇనుప గేటు పెట్టించినాడు. ఎందుకు నాయనా అంటే దుమ్ము కోసమంట. బేతంచెర్లలో పుట్టి దుమ్ముకు భయపడేవాణ్ణి వాణ్ణే చూసినా.

చూపుకు అడ్డం పెట్టినాడు. గాలికి పెట్టగలడా?

ఇంక హరిత సంగతి చెప్పాల. మా చెల్లెలి కూతురు, కర్నూలులో ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్తాది. పిల్లలకు చూపించేదానికి పెన్‌డ్రైవ్ అంత రేడియో ఒకటి కొనింది. దానికి మూరెడు ఏరియల్. పాత ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే గాలిలో పోయే సిగ్నళ్ళు పట్టుకుంటాది. దాంట్లో తిప్పే మరలు ఏమీ లేవు. ఆ పని అంతా ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రాము చేస్తాది. సెలవులకు వచ్చినప్పుడు నాకు చూపించి, "పెద్దమ్మా, నీకు పొద్దుపోతాది, పెట్టుకో" అని వదిలిపెట్టి పోయింది.

పొద్దుపోవడమంటే ఏమనుకున్నావు. మీ కొత్త కార్ల టైర్లు మాట్లాడతాయి, తెలుసునా?

నిజంగానే. ఒక్కో టైరు లోపల బొటనవేలంత యంత్రం ఉంటాది. చక్రం తిరుగుతాంటే నిమిషానికొకసారి, "నేను ఫలానా నంబరును, నాలో గాలి ఇంత, వేడి ఇంత" అని కారుకు చెప్పుకుంటాది. కారుకే చెప్తాండాననుకుంటాది కానీ వీధిలో వాళ్ళందరికీ వినపడుతుందని దానికి తెలియదు. మన ఊరి కోడండ్ల మాదిరే. ఏ యంత్రం నంబరు దానికే. ఆ నంబరు ఎవరిదో ఒకసారి కనుక్కుంటే చాలు, ఆ కారు గోడ వెనక ఉన్నా, గేటు వెనక ఉన్నా వచ్చిన సంగతి తెలుస్తాది.

నన్ను అట్ల చూడొద్దు. హరిత నేర్పిస్తే నేర్చుకున్నా. నీ మాదిరి కాదులే, మిస్డ్ కాల్ ఎవరిదో చూడాలన్నా నువ్వు భూపేష్‌ను కేకేస్తాంటివి.

కేకేస్తాంటివి కదా. ఇప్పుడు ఎవరు చూసిపెడతాండారు?

సరే, ఆ మాట వదిలేయ్. విషయానికి వస్తా.

గాలిలో వచ్చేది అక్షరాలు కాదు తిమ్మయ్యా. ఒకట్లు, సున్నాలు. నడుమ ఖాళీ లేకుండా, ఒకే వరసలో, గొర్రెలు పోయినట్లు పోతాంటాయి. ఎనిమిదింటిని ఒక కట్టగా కడితే దాన్ని బైటు అంటారు. కట్టకొక అర్థం. సరే, మొదటి కట్ట ఏ గొర్రె నుంచి మొదలు? అది ఆ వరసలో రాసి ఉండదు. నువ్వు ఒక్క గొర్రెను అటో ఇటో తప్పినావంటే ఇంక ఆఖరి దాకా కట్టలన్నీ తప్పే. ఈ కట్టలోని తోక ఆ కట్టకు తలకాయ అవుతాది. అయినా చూసేదానికి అన్నీ నంబర్ల మాదిరే ఉంటాయి. తప్పు నంబరు తప్పని నొసట రాసుకొని రాదు.

మా నాయన శనక్కాయలు కొలవడం నువ్వు చిన్నప్పుడు చూసింటావు. మొదటి శేరుకు ఒకటి అనడు. లాభం అంటాడు. లాభం, రెండు, మూడు, అట్ల పోతాది. నడుమలో వచ్చినోడు "లాభం" అనే మాట చెవిన పడేదాకా నోరు మూసుకొని నిలబడాల. అది విన్నాకనే వాని లెక్క మొదలు. టైర్లదీ అదే పద్ధతి. ముందర కాసేపు ఒకటి సున్నా ఒకటి సున్నా అని గొంతు సవరించుకుంటాయి. ఆ తర్వాత ఒక గుర్తు పలుకుతాయి. ఆ గుర్తు తర్వాత వచ్చేదే అసలు నంబరు. గుర్తు దొరికితేనే కట్టలు కట్టమని హరిత ప్రోగ్రాములో రాసిచ్చింది.

దొరకలేదప్పా. ఆ నాపరాళ్ళ వెనక నుంచి సిగ్నలు నీరసంగా వస్తాండె. గుర్తులో ఒక సున్నా చెడిపోయినా ప్రోగ్రాము ఒప్పుకోదు. పొద్దున్నుంచి కూర్చుంటే సాయంత్రానికి రెండు కార్లు తగులుతాండె. ప్రవీణ్ వాకిట్లోకి దినానికి రెండే కార్లు వస్తాయా? నాకు తెలియదా?

అందుకని నేనొక ఉపాయం చేసినా. గుర్తు కోసం ఎదురుచూడటం ఎందుకు, గొంతు సవరింపు వినపడిన కాణ్ణుంచి ఇన్ని ఒకట్లు సున్నాలు దాటుకొని, ఆ తర్వాత వచ్చింది నంబరు అనుకుంటే సరిపోతాది కదా అని ప్రోగ్రామును మార్చేసినా. మార్చినాక చూడాలప్పా. వరసబెట్టి వచ్చినాయి. సంబరపడిపోయినా.

హరిత పోయిన ఆదివారం వచ్చింది. కొత్త కారు కొనింది, చూపించేదానికి వచ్చింది. వాకిట్లో కారు ఆపింది, లోపలికి వచ్చింది, కూర్చుంది, మజ్జిగ తాగుతాంది. నా ఎదురుగానే. అప్పుడు ల్యాప్‌టాప్ ఏం చూపించిందో చెప్పు.

"భూపేష్ వచ్చినాడు" అని చూపించింది.

నేను హరితను చూసినా. ల్యాప్‌టాప్‌ను చూసినా. మళ్ళీ హరితను చూసినా. ఆ పిల్ల ఎట్ల చూసినా భూపేష్ మాదిరి లేదు.

"పెద్దమ్మా, నా కారును భూపేష్ అంటాది ఏం?" అని మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, ప్రోగ్రాము తెరిచి చూసింది. చూసి, ల్యాప్‌టాప్‌ను నా ముందర నుంచి తన ముందరికి లాక్కుంది. మా ఇంట్లో ఎవరైనా నా ముందరది లాక్కున్నారంటే తప్పు తప్పకుండా నాదే.

ఏం జరిగిందంటే, నా రేడియో మేలుకునేసరికే టైరు గొంతు సవరించుకోవడం సగం అయిపోయింటాది. ఆ సంగతి తెలియక నేను లెక్క ప్రకారం దాటుకుంటూ పోయి, అసలు నంబరును కూడా సగం దాటేసినా. పెండ్లికి ఆలస్యంగా పోయి, తాళి కట్టినాక పందిట్లో ముందర కనపడినోణ్ణి పెండ్లికొడుకు అనుకున్నట్లు. నేను నంబరు అనుకున్న దాంట్లో వెనక సగం నంబరే కాదు. కారు కంపెనీ గుర్తు ఒకటి, దాని పక్కన టైరులో గాలి.

దాని పైన నా తెలివి ఒకటి. పుస్తకంలో నంబరంతా రాసుకోవడం ఎందుకని చివరి నాలుగు అంకెలే రాసుకున్నా. మనం లారీని ఎట్ల పిలుస్తాం? చివరి నాలుగుతోనే కదా. నలభై లారీలుండే ఊరికి అది చాలు. అందుకని టైర్లకూ చాలనుకున్నా.

ఇంక గాలి సంగతి నీకు చెప్పాల్నా? ఈ ఊర్లో గాలి ఎవరు పడతారు? క్రాస్ రోడ్డు కాడ ఏసేపు. ఏసేపు ఏ కారుకు ఎంత పడతాడు? ముప్పైమూడు. పెద్ద కారైనా ముప్పైమూడే, చిన్న కారైనా ముప్పైమూడే. "ముప్పై ఐదు పట్టప్పా" అంటే తల ఊపుతాడు, ముప్పైమూడు పడతాడు. హరిత కూడా వచ్చేటప్పుడు వాని కాడనే పట్టించుకొని వచ్చింది. ఇంక కారు కంపెనీ. ఈ ఊర్లో ఒకరు తెల్ల కారు కొంటే మిగతావాళ్ళు వేరే కంపెనీ అంగడి మెట్లు ఎక్కరు. అదే కారు, అదే రంగు, అదే ఏసేపు, అదే గాలి, మిట్టమధ్యాహ్నం అదే ఎండ. అందరి టైర్లూ ఒకే మాదిరి ఉబ్బుతాయి. ఒకనాడు మధ్యాహ్నం భూపేష్ అగరవత్తుల కోసం మా అంగటి ముందర ఆగితే ఆ నాలుగు అంకెలు పట్టుకొని "భూపేష్" అని రాసుకున్నా. ఆ దినం నుంచి మన ఊర్లో గాలి పట్టించుకున్న ప్రతి తెల్ల కారూ నాకు భూపేషే.

అర్థమైందా తిమ్మయ్యా? వాడు పోలేదు. ప్రవీణ్ గేటు లోపలికి నీ మేనల్లుడు ఒక్కసారి కూడా పోలేదు.

మేస్త్రీ సుత్తి ఆపినాడు చూడు. నువ్వు చెప్తే ఆపలేదు.

ఆదివారం తెలిస్తే గురువారం దాకా ఏం చేస్తాంటివని అడుగు. అడుగు, పర్వాలేదు. హరిత ఆ పొద్దే పొమ్మనింది. చెప్పులేసుకొని వాకిలి దాకా వచ్చి, మళ్ళీ లోపలికి పోయినా. చెప్పేదానికి పోవడం నాకు అలవాటే. చెప్పింది వెనక్కి తీసుకునేదానికి ఎప్పుడూ పోలేదు, దోవ తెలియలేదు.

ఇంకొక సంగతి కూడా ఉండాది. ఇది హరితకు చెప్పినా, ఇప్పుడు నీకు చెప్తాండా. టైరు పలికే మాటల ఆఖరున ఒక కూడిక వస్తాది. ముందర చెప్పిందంతా కూడితే దానికి సరిపోవాల. సరిపోకపోతే మనం విన్నది తప్పు అని గుర్తు. ఆ పిల్ల ప్రోగ్రాములో అది కూడా పెట్టింది. కూడిక తప్పితే ఆ లైను ఎర్రగా వస్తాది. నేను ఉపాయం చేసిన దినం నుంచి ప్రతి లైనూ ఎర్రగానే వచ్చింది. ఒక్కటీ సరిపోలేదు. పేజీ అంతా ఎరుపు.

నేనేం చేసినా? ఎర్ర రంగు తీసేసినా.

కండ్లకు ఇబ్బందిగా ఉండాదని హరితతో అన్నా. ఆమె నమ్మలేదు. నువ్వూ నమ్మొద్దు.

నిజం చెప్పాల్నంటే, ఆ దినం నువ్వు కాఫీ కింద పెట్టి లేచినావు కదా. నేను ఆ లోటా తీసుకొని లోపలికి పోతా ఏమనుకున్నానో తెలుసా? నా మాటకు ఒక మనిషి కుర్చీలోంచి లేచి ఎంత కాలమైంది అనుకున్నా. ఒకప్పుడు నేను ప్లగ్గు పెడితేనే ఈ ఊరు కర్నూలుతో మాట్లాడేది. "రాజ్యలక్ష్మమ్మ చెప్పింది" అంటే దానికి తిరుగు లేదు. ఇప్పుడు అందరి జేబుల్లో ఫోన్లు ఉండాయి, నేను చెప్పేలోపల అందరికీ తెలిసిపోయింటాది. నువ్వు లేచిపోయినావు, కాఫీ చల్లారింది. నాకు బాగనిపించింది. అదప్పా సంగతి.

తిట్టు. తిట్టాలనిపిస్తే తిట్టు. భూపేష్ తిట్టలేదు, అది ఇంకా కష్టంగా ఉండాది.

అవును, వాని కాడికి పొద్దున్నే పోయి వచ్చినా. ఇదంతా చెప్పినా. ఆ పాలిష్ మిషను పక్కన నిలబడి విన్నాడు. విని, "మా మామ నన్ను ఒక్క మాట అడిగింటే సరిపోతాండె పెద్దమ్మా. పోయినావా అని అడిగింటే లేదంటాంటి" అన్నాడు. పదకొండేండ్లప్పుడు తండ్రి పోతే నీ ఇంట్లో పెరిగినోడు. గోడ కట్టాలని నువ్వు మేస్త్రీతో చెప్పి పంపిస్తే, వాడు సిమెంటు మూటలు తన ట్రాలీలోనే తెచ్చి దించిపోయినాడంట. ఇప్పుడైనా మామ వచ్చి ఒక్క మాట మాట్లాడితే ఈ రాళ్ళు తానే పీకుతానన్నాడు. వేరే ఏమీ అడగలేదు.

కూర్చో, లేవద్దు. ఇంకా అయిపోలేదు. ఈసారి మొత్తం విని లేయ్.

మూడు సార్లు కారు వచ్చిందని చెప్పినా కదా. కారు వచ్చిన మాట అబద్ధం కాదు, పేరు తప్పింది అంతే. రేడియో విన్నదంతా నేను ల్యాప్‌టాప్‌లో దాచిపెట్టుకొని ఉంటా, పారేసే అలవాటు లేదు. హరిత అదంతా మళ్ళీ తీసి, గుర్తు యాడ ఉండాదో ఓపికగా వెదికి, ఆడి నుంచి కట్టలు సరిగ్గా కట్టింది. ఒకటీ అరా చెడిపోయినా గుర్తును గుర్తుపట్టే పద్ధతి ఒకటి ఉండాదంట. ఈసారి కూడికలు సరిపోయినాయి. మూడింటికీ సరిపోయినాయి. మూడు వేరే వేరే నంబర్లు వచ్చినాయి, మొత్తం నంబర్లు, చివరి నాలుగు కాదు.

మొదటిది బనగానపల్లె నుంచి బండలు కొనేదానికి వచ్చే సేటుది. సోమవారం మా అంగడి ముందర సోడా తాగేదానికి ఆగినాడు, అదే నంబరు వచ్చింది. రెండోది ప్రవీణ్ సొంత కారే. సొంత వాకిట్లోకి వాడు పోతే నేను ఊరంతా చెప్పినా.

మూడోది ఎవరిదో మంగళవారం దాకా తెలియలేదు.

మంగళవారం నువ్వు మేస్త్రీకి నూలుతాడు కావాలని మా అంగటికి వచ్చినావు. కారులో వచ్చినావు. నాతో మాట్లాడకుండా మా ఆయన కాడ తాడు తీసుకొని పోయినావు. నువ్వు మలుపు తిరిగేలోపల ఆ మూడో నంబరే వచ్చింది.

ఏం తిమ్మయ్యా. నేలకేసి చూస్తాండావు.

ఎందుకు పోయినావో నేను అడగను. చూడు, నేను అడగను అంటాండా. నీ సగం అమ్మేదానికి పోయినావో, ధర ఊరకే కనుక్కుందామని పోయినావో, ప్రవీణ్ పిలిస్తే మొహమాటానికి పోయినావో. ఏదైనా కానీ, భూపేష్‌తో చెప్పకుండా పోయినావు. నువ్వు పోయి వచ్చిన వారానికి నేను, భూపేష్ పోతాండాడని నీతో అన్నా. అంత బిరిన ఎట్ల నమ్మినాడబ్బా ఈ మనిషి, మేనల్లుణ్ణి ఒక్క మాట కూడా అడగకుండా, అని నేను మూడు దినాలు ఆలోచన చేసినా. నా మాట మీద నమ్మకం అనుకొని పొంగిపోయినా కూడా. నమ్మింది నన్ను కాదు. నీ కడుపులో ఉండేదాన్ని నేను వాని పేరు పెట్టి చెప్పినా, అంతే.

పొద్దున భూపేష్ అదే అడిగినాడు. "సేటుదొకటి, ప్రవీణ్‌దొకటి. మూడోది ఎవరిది పెద్దమ్మా?" అన్నాడు.

తెలియలేదు నాయనా అని చెప్పినా.

ముప్పై ఐదేండ్ల ఉద్యోగంలో, దాని తర్వాత ఈ ఆరేండ్లలో, తెలిసి తెలియదన్నది ఇదే మొదలు. పొద్దున్నుంచి నోరంతా వేపాకు నమిలినట్లుండాది. కాఫీ తాగినా పోలేదు.

పోయి వానితో చెప్తావో, చెప్పకుండా రాళ్ళు మాత్రం పీకిస్తావో, కట్టుకుంటూ పోతావో, అది నీకూ వానికీ మధ్య. నేను చేయాల్సింది చేసినా. పోతా, ఎండ ముదిరింది. చెయ్యివ్వు, లేస్తా.

కానీ దాచిపెట్టేటట్లయితే నన్ను మాత్రం నమ్ముకోవద్దు తిమ్మయ్యా. నా సంగతి నాకు తెలుసు. శనివారం ఆంజనేయస్వామి గుడికి పోతా, ఆడ నలుగురూ కలుస్తారు. శుక్రవారం సాయంత్రం దాకా అయితే ఆగగలను.